సేనాని స్వరరచన



దినమంతయు కచేరీలో లెక్కలు వ్రాసి, దీపము వెలిగించిన పిమ్మట పద్యము లల్లెడి మిత్రులు మనలో ననేకులు గలరు. తీరిక చిక్కినచో మహాకావ్యమే వ్రాసియుందుమని వారు నిట్టూర్చుట నే నెఱుగుదును. వారి నుద్దేశించియే నేడు రుష్యాదేశపు సేనాని యొకనిగూర్చి ముచ్చటింపదలచితిని.

ఆయన పేరు సీజర్ క్యూయీ. తండ్రి 1812లో నెపోలియనుతో రుష్యాపై దండెత్తివచ్చిన ఫ్రెంచి సైనికుడు. గాయపడి వెనుకబడిపోయి, విల్నా నగరమున ఫ్రెంచిభాష బోధించుచు స్థిరపడెను. 1835లో జన్మించిన కుమారుడు మోన్యూష్కో యను పోలిష్ విద్వాంసునియొద్ద కొద్దినెలలు సంగీతము నేర్చి, 1851లో సెంటు పీటర్సుబర్గు సైనిక యింజనీరింగు పాఠశాలలో జేరెను. 1857 మొదలు దుర్గనిర్మాణశాస్త్రమును బోధించెను. శత్రువుగా వచ్చినవాని కొడుకు ఆ దేశపు సైనికులకే కోటలు కట్టుట నేర్పినాడు! తుర్కీ యుద్ధకాలమున రణరంగమునకు బంపబడెను. 1906లో ఇంజనీరు జనరల్ పదవి నందెను. చక్రవర్తి రెండవ నికొలాసు సయితము ఆయన శిష్యుడే.

ఇక సంగీతము. బలాకిరెవ్ చుట్టును జేరిన మిత్రపంచకములో క్యూయీ యొకడు. ఇటలీ జర్మనీల ననుకరించుట మాని, రుష్యాజనుల పాటలనుండియే రుష్యా సంగీతము పుట్టవలెనని వారి పట్టుదల. 1864 మొదలు పత్రికలలో నీ వాదమును వినిపించినవాడు క్యూయీయే. ఆ కలమునకు దాక్షిణ్యము లేదు. అయిన నాయన సంగీతనాటకములను జూడుడు: ఏడేండ్లు శ్రమించి 1869లో ప్రదర్శింపించిన “విలియం రాట్‌క్లిఫ్” జర్మను కవి హైనే కథ, స్కాట్లండులో జరుగును, 1876 నాటి “ఆంజెలో” ఫ్రెంచి కవి హ్యూగో నాటకము. పుష్కిను కథలనుగూడ గైకొనెను గాని, ఇతరులకు విధించిన వ్రతమును దాను నిష్ఠతో బాటించెనని చెప్పజాలము.

1897లో రాహ్మనినోఫ్ అను ఇరువదిమూడేండ్ల యువకుని ప్రథమ సింఫనీ పీటర్సుబర్గులో వినిపింపబడెను. వాయించినవారికే తిన్నగా రాలేదు. క్యూయీ దానిని ఈజిప్టును బాధించిన యుత్పాతములతో బోల్చి, నరకములోని సంగీతశాలకు దగిన దనెను. ఆ యువకుడు దాదాపు మూడేండ్లు పెద్ద రచన చేయలేకపోయెను. ఆ సింఫనీ మరల 1945లోగాని వినబడలేదు. నేడు లోకమంతట వాయించుచున్నారు. కోటగోడలో బలహీనస్థలము నెఱుగుట దుర్గశాస్త్రజ్ఞునికి విద్య. లేతమొక్కపై నా విద్య జూపవలసిన పనియేమి?

తీరిక లేమిచే క్యూయీ పెద్ద రచనలు నిలువలేదందురా? బొరోదిన్ కంతకన్న తీరిక లేదు. ఆయన రసాయనశాస్త్రాచార్యుడు. 1887లో మరణించునాటికి “ప్రిన్స్ ఈగర్” అసంపూర్తిగనే మిగిలెను, మిత్రులు పూర్తిచేసిరి, అది నేటికిని రంగస్థలముపై జీవించియున్నది. కావున మిత్రులారా, కచేరీని మాత్రమే నిందింపకుడు. క్యూయీ చేతికి జిన్నపని యందము. ఆ సంగతి యాయనకు దెలిసినను దెలియకున్నను, చేతికి దెలియును.

ముదిమిలో బిల్లలకొఱకు “మంచువీరుడు”, “బూట్ల పిల్లి” మున్నగు చిన్న సంగీతనాటకములు కూర్చెను. 1916లో చూపు పోయెను, 1918లో మరణించెను. 1893లో ఫిడేలు, పియానోలకు వ్రాసిన యిరువదినాలుగు చిన్న రచనలలో తొమ్మిదవది “ఓరియంటేల్”. కొద్ది నిమిషములది. ఫిడేలు నేర్చు పిల్లలు నేటికిని దానిని వాయించుచున్నారు.