రెండు భాషల చెవి
(దాశరథి స్మారకోపన్యాసం)



దాశరథి పేరు చెప్పగానే మనకు నిజామాబాద్ జైలు గుర్తొస్తుంది. గోడ మీద బొగ్గుతో రాసిన పద్యాలు, ‘అగ్నిధార’ గుర్తొస్తాయి. ఆ దాశరథి గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ సభలోనే కూర్చుని ఉన్నారు. నేను ఇవాళ ‘గాలిబ్ గీతాలు’ రాసిన దాశరథిని తలుచుకుంటాను. ఏ నిజాం ప్రభుత్వం ఉర్దూను తెలుగు పిల్లల మీద రుద్దిందో ఆ ప్రభుత్వం మీదనే పద్యమెత్తి జైలు పాలైన మనిషి, బయటికి వచ్చాక ఆ ఉర్దూలోని మేటి కవిని చేయిపట్టుకుని తెచ్చి తెలుగువాళ్ళ ముంగిట నిలబెట్టాడు. ప్రభువు మీది కోపాన్ని భాష మీదికి పోనివ్వలేదు. ఈ హైదరాబాద్ నగరంలో పలుభాషల కవిసభలు ఎలా బతికాయో, ఎందుకు చిక్కిపోయాయో చెప్పుకోవడానికి ఆ పనిని మించిన మొదలు నాకు దొరకలేదు.

నా పదిహేడో ఏట నుమాయిష్‌లో ముషాయిరా, అంటే ఉర్దూ కవిసభ, వినడానికి వెళ్ళాను. నాకు అప్పటికి బజారు ఉర్దూ వచ్చు, కవిత్వపు ఉర్దూ రాదు. జనవరి చలి. పక్కన ఉన్ని మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన, సుల్తాన్‌బజార్‌లో ఒక బట్టల కొట్టు గుమాస్తా, తెలుగువాడే. కవి షేర్‌లో ఉన్న రెండు పాదాల్లో మొదటి పాదం చదివి ఆగాడు. మళ్ళీ అదే పాదం చదివాడు. జనం బిగపట్టుకుని ఉన్నారు. పెద్దాయన నా వైపు వంగి, ‘ఇప్పుడు ఈ మాట వస్తుంది చూడు’ అని ఒక మాట చెవిలో చెప్పి, నా మోకాలి మీద వేలితో తట్టాడు. కవి రెండో పాదం అందుకున్నాడు. ప్రాస పడవలసిన చోట సరిగ్గా ఆ మాటే పడింది. ఆ వెనకాల ప్రతి షేర్ చివరా తిరిగి వచ్చే రదీఫ్‌ను కవితో పాటు సభంతా పలికింది. పెద్దాయన కూడా పలికాడు. ఆ రాత్రి నాకు సగం షేర్లు అర్థం కాలేదు. కానీ ప్రాస ఎక్కడ పడుతుందో ముందే చెప్పినందువల్ల ఒక్క షేర్ కూడా నన్ను దాటి పోలేదు.

అప్పటినుంచి నేను చూసిన ప్రతి బహుభాషా సభలోనూ ఆ పెద్దాయన కోసం వెతుకుతున్నాను. ఈ నగరంలో పలుభాషల కవిసభను నిలబెట్టింది ఆయనలాంటి శ్రోత. తల్లిభాష ఒకటై, చెవికి రెండు మూడు భాషలు పట్టిన మామూలు మనిషి.

ఈ చెవి ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్ళి చూద్దాం. ఇబ్రహీం కుతుబ్‌షా గద్దెనెక్కక ముందు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. తెలుగు అక్కడ ఒంటబట్టింది. గోల్కొండకు తిరిగి వచ్చి 1550లో ప్రభువయ్యాక తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. పేరునే తెలుగు చేసుకున్నారంటే ఎంత దగ్గర చేసుకున్నారో చూడండి. తొలి అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను పొన్నగంటి తెలగనార్యుడు అంకితమిచ్చింది పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు. సంస్కృత పదం తగలకుండా తెలుగులో రాసిన మొదటి కావ్యానికి కృతిభర్త ఒక ముస్లిం సర్దారు. కృతి పుచ్చుకోవాలంటే కృతి వినగలగాలి కదా. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ 1591లో ఈ నగరాన్ని కట్టాడు. తాను దక్కనీ ఉర్దూలో పెద్ద దీవాన్, అంటే కవితా సంపుటి, రాసిన కవి.

తరువాతి రెండు వందల ఏళ్ళను త్వరగా దాటిపోతున్నాను, మన్నించండి. మహ్ లఖా బాయి చందా ఒక్కరిని తలుచుకోకుండా పోలేను. 1824లో కన్నుమూసిన ఈ కవయిత్రి, ఉర్దూలో సొంత దీవాన్ ఉన్న తొలి స్త్రీలలో ఒకరు. మౌలాలి గుట్ట కింద ఆమె సమాధి ఉంది. సభలో కవయిత్రికి చోటు ఇవ్వడం నిన్నటి మాట అనుకునేవాళ్ళు ఒకసారి అక్కడికి వెళ్ళి రావాలి.

ఆరో నిజాం కాలానికి ఢిల్లీ ఉర్దూ మహాకవి దాగ్ ఇక్కడికి వచ్చి ప్రభువుకు కవిత్వ గురువయ్యాడు. 1905లో ఇక్కడే కన్నుమూశాడు. అదే 1905లో ఇదే ఊరి ఆడపడుచు సరోజినీ నాయుడు ఇంగ్లీషు కవితల తొలి సంపుటి ‘గోల్డెన్ త్రెషోల్డ్’ వచ్చింది. ఆ పుస్తకం పేరే నాంపల్లిలో వాళ్ళ ఇంటి పేరైంది. పుట్టింటి భాష బెంగాలీ, మెట్టినింటి భాష తెలుగు, చుట్టూ ఉర్దూ, రాసింది ఇంగ్లీషు. రెండుసార్లు రాజ్యానికి ప్రధానిగా ఉన్న మహారాజా కిషన్ ప్రసాద్, ‘షాద్’ అనే కలం పేరుతో ఉర్దూ కవి. ఆయన దేవిడీలో ముషాయిరాలు జరిగేవి.

ముషాయిరా పద్ధతి గురించి ఒక మాట. పాతకాలంలో దీపాన్ని ఒక్కొక్క కవి ముందుకు జరిపేవారు. దీపం ఎవరి ముందు ఉంటే వారి వంతు. చిన్నవాళ్ళతో మొదలై ఉస్తాదుల దగ్గర ముగుస్తుంది. తరహీ ముషాయిరా అని ఇంకొకటి ఉంది. పిలుపు పంపేటప్పుడే ఒక పాదం రాసి పంపుతారు. వచ్చే కవులందరూ ఆ పాదం ఛందస్సులో, ఆ ప్రాసతో గజల్ అల్లుకుని రావాలి. ఇది వినగానే మీలో అవధానాలు చూసినవాళ్ళ పెదవుల మీద నవ్వు వచ్చింది. అవును, మన సమస్యాపూరణానికి ఇది దాయాదే. పృచ్ఛకుడు ఇచ్చిన పాదాన్ని అవధాని చివరి పాదంగా ఇమిడ్చి పద్యం పూర్తి చేస్తాడు. ఒకే నగరంలో రెండు వీధుల్లో రెండు సభలు, రెండింటా ఒక పాదం ఇచ్చి కవిని నిలదీస్తున్నారు. రెండింటా శ్రోతకు పాదం ముందే తెలుసు. కవి దాన్ని ఎలా చేరుకుంటాడా అని కాచుకుని కూర్చుంటాడు. ఈ పోలిక తెలిసిన తెలుగు శ్రోతకు ముషాయిరా పరాయిది కాదు. కొట్టు గుమాస్తాకు ప్రాస ముందే తెలియడంలో ఉన్న రహస్యం ఇదే.

ఇంతవరకు చెప్పినదంతా వింటే ఈ ఊరు భాషలన్నిటికీ పుట్టిల్లులా ఉందనిపిస్తుంది. అలా అనుకుని ఇంటికి వెళ్తే నేను మీకు అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. 1921 నవంబరులో వివేకవర్ధిని ఆవరణలో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షులు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ప్రసంగాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభ గోల చేసింది. ఆయన మాట సాగనివ్వలేదు. రాజ్యంలో దాదాపు సగంమంది మాట్లాడే భాష, రాజధాని వేదిక మీద అవమానపడింది. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు ఒక ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. 1918లో ఉర్దూ బోధనాభాషగా పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషకు ఎంతో గౌరవం తెచ్చింది. తెలుగు పిల్లవాడి సొంత భాషకు మాత్రం చదువులో చోటు కుంచించుకుపోయింది. మనవాళ్ళకు రెండు భాషల చెవి వచ్చిందంటే అందులో ఇష్టంతో వచ్చింది కొంత, తప్పనిసరై వచ్చింది కొంత. రెండోదాన్ని దాచిపెట్టి మొదటిదాన్ని పొగడడం దాశరథి పేరిట జరిగే సభలో తగదు.

అవమానానికి తెలుగువాళ్ళు ఇచ్చిన జవాబులు కూడా సభల రూపంలోనే వచ్చాయి. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అప్పటికే ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం అని ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి ఊరూరికీ కబురంపి 354 మంది కవులను ఒకచోట చేర్చి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. నా దృష్టిలో అది కాగితం మీద జరిగిన కవి సమ్మేళనం. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వచ్చింది. అటు ఉర్దూకు డాక్టర్ జోర్ 1931లో స్థాపించిన ఇదారా ఎ అదబియాత్ ఎ ఉర్దూ ఉంది. ఇక 1949 నుంచి బద్రీవిశాల్ పిత్తీ ఇక్కడినుంచి ‘కల్పన’ అనే హిందీ పత్రిక నడిపారు. ఎవరి గూడు వారు కట్టుకున్నారు. అయితే గూళ్ళ మధ్య రాకపోకలు ఆగలేదు.

రాకపోకలకు నిలువెత్తు నిదర్శనం మఖ్దూం మొహియుద్దీన్. మెదక్ జిల్లా అందోలులో పుట్టి, సిటీ కాలేజీలో పాఠం చెప్పి, కమ్యూనిస్టు ఉద్యమంలోకి దూకిన ఉర్దూ కవి. ఆయన తొలి సంపుటి ‘సుర్ఖ్ సవేరా’ 1944లో వచ్చింది. ఈ కవిని 1950ల్లో శాసనసభకు పంపింది హుజూర్‌నగర్. అచ్చమైన తెలుగు పల్లెల నియోజకవర్గం. ఆ పల్లెల్లో ఎంతమందికి ఆయన గజల్ అర్థమై ఉంటుంది? కానీ తమ పక్షాన నిలబడ్డ కవి అని అర్థమైంది. అటునుంచి మఖ్దూం, ఇటునుంచి దాశరథి. తరువాత, ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగు ఆచార్యుడైన సినారె గజల్‌ను తెలుగులో పాడి ఊరూరా తిప్పారు. దాశరథి గాలిబ్ షేర్‌ను ఉన్న ఛందస్సుతో ఎత్తిపట్టుకురాలేదు. తెలుగు నడకలోకి దించారు. పేరే ‘గీతాలు’ అని పెట్టారు. తెలుగువాడి చెవి ఎక్కడ ఊగుతుందో తెలిసిన మనిషి చేసిన పని అది.

ఇక మన కాలం. 1956లో ఆకాశవాణి సర్వభాషా కవి సమ్మేళనం మొదలుపెట్టింది. ఏటా జనవరి 25 రాత్రి ప్రసారం. ఒక్కో భాష కవి తన కవిత చదవడం, వెంటనే హిందీ అనువాదం, ఆపైన ఆయా కేంద్రాల నుంచి ప్రాంతీయ భాషల్లోకి. ఎంతో మంచి పని. ఇంట్లో రేడియో ముందు కూర్చుని కాశ్మీరీ, అస్సామీ గొంతులు మొదటిసారి విన్నది నేను దాని పుణ్యమానే. అయితే అప్పటినుంచే సభలో అనువాదకుడు ప్రధాన పాత్ర అయ్యాడు, శ్రోత పని తేలికైంది. 2010లో హైదరాబాద్ సాహిత్యోత్సవం మొదలైంది. ఏటా ఒక భారతీయ భాషను, ఒక దేశాన్ని ముందుకు తెస్తారు, ప్రవేశం ఉచితం. అదే ఏడు బంజారాహిల్స్‌లో లామకాన్ అనే కళావేదిక తెరుచుకుంది. అక్కడ చెట్టు కింద ఒకే సాయంత్రం దక్కనీ, తెలుగు, ఇంగ్లీషు, హిందీ వినిపిస్తే నా వయసు సగమైంది.

కానీ నాకు కనిపించిన కష్టం కూడా చెప్పాలి. చాలా బహుభాషా సభల్లో నేను చూస్తున్నది ఇది. పన్నెండు మంది కవులు, ఏడు భాషలు. తన కవిత చదివిన కవి శాలువా కప్పించుకుని, ఫోటో దిగి వెళ్ళిపోతాడు. ఆయన వెంట ఆయన మనుషులు లేస్తారు. చివరి కవి చదివే వేళకు మిగిలేది నిర్వాహకులు, మైకు అబ్బాయి. మధ్యలో ఎవరైనా కన్నడంలోనో మరాఠీలోనో చదువుతుంటే జనం ఫోన్లు తీస్తారు. అనువాదం చదివాక చప్పట్లు కొడతారు. అప్పటికి కవి తన కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఆ చప్పట్లు ఎవరికి? అర్థానికి కొట్టాం, కవితను వినలేదు. గజల్ చదివేవాడు పాదం దగ్గర ఆగితే ఎందుకు ఆగాడో తెలియక సభ మౌనంగా ఉండిపోవడం నేను చూశాను. ఆ కవి ముఖం నాకింకా గుర్తుంది.

దీన్ని సరిదిద్దడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. అనువాదాన్ని వెనక పెట్టకండి, ముందు పెట్టండి. కవి లేవకముందే రెండు మాటల్లో విషయం చెప్పండి. ఏ మాట తిరిగి తిరిగి వస్తుందో, ప్రాస ఎక్కడ పడుతుందో చెప్పండి. ఆ తరువాత కవిని చదవనివ్వండి, రెండోసారి కూడా చదవనివ్వండి. ఆ గుమాస్తా నాకు చేసిన ఉపకారం ఇంతే. కవులు ఏడుగురు చాలు, పన్నెండు మంది వద్దు. మొదట చదివినవారు చివరిదాకా కూర్చోవాలని పిలుపులోనే రాయండి. బడిపిల్లలకు ఇంకో లిపి నేర్పే చిన్న తరగతి ఆదివారాలు నడపండి. ఉర్దూ పిల్లలకు తెలుగు, తెలుగు పిల్లలకు ఉర్దూ. ఈసారి ఎవరూ ఎవరి మీదా రుద్దడం లేదు కాబట్టి ప్రేమగానే నేర్చుకుంటారని నా నమ్మకం.

నా ఉపన్యాసం అయిపోయింది. ఇప్పుడు ఇదే వేదిక మీద కవి సమ్మేళనం ఉంది. తెలుగు కవుల తరువాత ఇద్దరు ఉర్దూ కవులు, ఒక మరాఠీ కవయిత్రి, ఒక కన్నడ కవి చదువుతారు. చాయ్ బయట సిద్ధంగా ఉందని నాకూ తెలుసు. దయచేసి ఆ నలుగురు చదివేదాకా ఎవరూ లేవకండి. అర్థం కాకపోతే, ‘మళ్ళీ ఒక్కసారి’ అని గట్టిగా అడగండి.