కాలవ గట్టున పది మీటర్లు

పట్టాలు అందుకున్న పిల్లలూ, చాలాకాలంగా మనసులో ఉన్న మాట ఒకటి మీతో చెప్పుకోవాలి.

నేను జంతుశాస్త్రం చదివి బయటికొచ్చేసరికి మన గోదావరి జిల్లాల్లో రొయ్యల జోరు మొదలైంది. తొంభైల తొలి రోజులవి. తీరం పొడవునా వరిచేలు తవ్వి చెరువులు చేస్తున్నారు. నాతో చదివినవాళ్లలో చాలామంది హేచరీలకూ మేత కంపెనీలకూ వెళ్లారు, నన్నూ రమ్మన్నారు. నేను మారేడుమిల్లి కొండలెక్కి, కాలవల్లో రాళ్లు తిరగేస్తూ కూర్చున్నాను. "పురుగులు లెక్కపెట్టుకుంటూ ఎన్నాళ్లు బతుకుతావురా" అని ఇంట్లో పెద్దవాళ్లు బాధపడ్డారు. ఆ బాధలో న్యాయం ఉంది. కానీ రాళ్ల కింద ఉన్నది ఒకసారి చూశాక వదిలిరావడం నా వల్ల కాలేదు.

రంపచోడవరం దాటి పైకి వెళితే ఏ మ్యాపులోనూ పేరు లేని కొండకాలవలు బోలెడు. చాలావాటిలో నీళ్లు మోకాలి లోతుకు మించవు. అడవి నిలిచి ఉన్న చోట రెండు గట్ల మీదా ఏరుమద్ది, నేరేడు, జీలుగు, వెదురు కమ్ముకుని ఉంటాయి. మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టినా నీళ్లు చల్లగా తగులుతాయి. ఒక రాయి ఎత్తి, తెల్ల ట్రేలో మెల్లగా కడగండి. బియ్యపు గింజంత గొట్టాలు కనిపిస్తాయి. ఒక్కో ఇసుక రేణువునూ ఏరుకుని, నోట్లోంచి తీసిన దారంతో అతికించి, ఒక పురుగు కట్టుకున్న ఇల్లు అది. దాని పక్కనే మూడు తోకలతో, పొట్టకు ఇరువైపులా మొప్పలు ఆడిస్తూ మరో పురుగు. నోటితో రాతిని గట్టిగా పట్టుకుని, వడికి కొట్టుకుపోకుండా నిలబడే వేలెడు చేప. సందులో పీత.

వీటికి తిండి గట్టు మీది చెట్లే పెడతాయి. నీడలో ఉన్న కాలవలో నాచు పెద్దగా పెరగదు. చెట్టు రాల్చిన ఆకు నీళ్లలో నాని, బూజు పట్టి మెత్తబడితే పురుగు తింటుంది. ఆ పురుగును చేప తింటుంది.

ఇప్పుడు గట్టు చెట్లు కొట్టేసి, నీటి అంచుదాకా జీడిమామిడి వేసిన చోటికి రండి. అదే రాయి తిరగేస్తే పైన జిగురు నాచు, కింద వేలు దిగబడేంత ఎర్రమట్టి. ఇసుక ఇళ్లవాళ్లు లేరు, మూడు తోకలవాళ్లు లేరు. బురదలో బతకగలిగే ఎర్రటి సన్న పురుగులు మాత్రం కుప్పలుగా ఉంటాయి. కారణాలు తెలియనివి కావు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు చేరితే ఏడున్నరకు పడిపోతుంది. ఎండ తగిలిన నీరు వేడెక్కుతుంది, వేడెక్కిన నీటిలో ప్రాణులకు ఊపిరి చాలదు. వాన పడినప్పుడు వాలు మీంచి దిగిన సన్నమట్టి గులకరాళ్ల సందులు పూడ్చేసి, చేప గుడ్లకు గాలి ఆడనివ్వదు. జీడిపూత మీద టీ దోమ అనే పురుగు పడితే మందు కొడతారు, కొట్టాక స్ప్రేయరు కడిగేది ఆ కాలవలోనే. కడిగిన సాయంత్రం కాలవ వెంట కిందికి నడిచి చూశాను. పీతలు నీళ్లలోంచి గట్టెక్కి, కాళ్లు వణుకుతూ ఇసుక మీద పడి ఉన్నాయి.

ఈ మాట చెప్పగానే "అంతా అడవి నరికి, కాల్చి చేసే ఆ పోడు సాగు వల్లనే" అనేవాళ్లు మీలోనూ ఉంటారు. అలా అనకండి. ఈ కొండల గిరిజనులు కొండరెడ్లు తరతరాలుగా చేసిన పోడులో నేలకు విశ్రాంతి ఉండేది. కొన్నేళ్లు సాగు చేసిన చెలకను అడవికి వదిలేసి మరో చోటికి వెళ్లేవారు. మామిడి, చింత, ఇప్ప, జీలుగు కొట్టేవారు కాదు. కాలవ పక్క తడినేలల్లో పెరిగే జీలుగు వాళ్లకు కల్లు ఇచ్చే చెట్టు, ఆకలి రోజుల్లో అన్నం పెట్టే చెట్టు. ఆ కల్లు మీద చిగురుపన్ను వేయడం ఒక ముఖ్య కారణంగా 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది, రిజర్వు అడవులు వచ్చాయి, పోడుకు చోటు కుదించుకుపోయింది. చోటు తగ్గితే విశ్రాంతీ తగ్గుతుంది. జీడి అంట్లు కూడా ప్రభుత్వ పథకాల్లోనే వెళ్లాయి. జీడిపిక్కల డబ్బుతో బిడ్డను హాస్టల్లో చదివించుకుంటున్న తండ్రికి అడవి విలువ చెప్పే హక్కు మనకు లేదు. అడవిని వాడుకున్నది మనమూ కదా, మన రాజమండ్రి కాగితం మిల్లుకు దశాబ్దాల పాటు వెదురు వచ్చింది ఏజెన్సీ అడవుల నుంచే.

అందుకే నేను జీడితోటలు తీసేయమనను. కాలవకు ఆ పక్క పది మీటర్లు, ఈ పక్క పది మీటర్లు వదలమంటాను, అంతే. ఆ పట్టీ కూడా రైతుకు ఊరికే పోకూడదు. జీలుగు, కానుగ, వెదురు, చింత ఉంటే దాని మీదా నాలుగు రూపాయలు వస్తాయి. మట్టిని ఆపేది ఆ పట్టీయే, నీడనిచ్చేది, ఆకు రాల్చేది, మందు నీళ్లను కొంతైనా వడగట్టేదీ ఆ పట్టీయే. ఏ పథకంలోనైనా మొక్కకింత అని డబ్బు లెక్క కడతారు తప్ప, కాలవ గట్టును వదిలిపెట్టిన రైతుకు ఒక్క రూపాయి ఇచ్చే పద్దు నాకింతవరకు కనిపించలేదు. నా దిగులంతా అక్కడే ఉంది.

చెట్లు నీళ్లు తాగుతాయి, నరికితే కాలవలో నీరు పెరుగుతుంది కదా అని ఇంజనీరింగు పిల్లలు అడుగుతారు. నిజమే. అమెరికాలో హబ్బర్డ్ బ్రూక్ అనే అడవిలో 1965-66 చలికాలంలో ఒక చిన్న కాలవ పరీవాహకంలో చెట్లన్నీ నరికి చూశారు. మరుసటి ఏడాది నీరు 40 శాతం దాకా పెరిగింది. దాంతోపాటు నేలలోని నత్రజని కొట్టుకొచ్చి, నీటిలో నైట్రేటు తాగునీటి హద్దు దాటింది. అది మంచు కురిసే దేశం. ఇక్కడ వాన చాలావరకు నాలుగు నెలల్లోనే దంచి కొడుతుంది. చెట్లు పోయి గట్టిపడిన నేల ఆ వానను ఇముడ్చుకోదు, నీరు జులైలో ఉరికి పోతుంది. ఊట తగ్గి ఏప్రిల్లో కాలవ ఎండుతుంది. గూడేల్లో ఆడవాళ్లు చెలమ తవ్వుకుని, గిన్నెతో తోడుకునే రోజులు అవి. పెరిగిన ఆ 40 శాతం వాళ్లకెందుకు?

డెల్టాలో పుట్టినవాళ్లం మనం. గోదావరికి ఎర్రనీళ్లు వస్తే పులస చేప వస్తుందని ఎదురుచూసేవాళ్లం. మనం నిలుచున్న నేలే కొండల మట్టి. మరి కొండమట్టి వస్తే మంచిదే కదా? వస్తే మంచిదే, కానీ రావడం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావు గార్లు 2004లో లెక్క తేల్చారు. గోదావరి ఏటా మోసుకొచ్చే ఒండ్రు డెబ్బైల్లో దాదాపు 15 కోట్ల టన్నులు. తొంభైల నాటికి 6 కోట్ల టన్నుల లోపుకు వచ్చింది. 1976 నుంచి 2001 లోపు డెల్టా అంచు సుమారు 18 చదరపు కిలోమీటర్లు సముద్రంలో కలిసిపోయింది. ఎగువ ఆనకట్టల్లో మట్టి ఆగిపోతోంది. సీతపల్లి వాగు మీది భూపతిపాలెం జలాశయం లాంటి చిన్నవాటిలోకి వాలు దిగిన మట్టి కూడా చాలావరకు అక్కడే పేరుకుంటుంది. కాలవలో చేప గుడ్డును కప్పేసిన మట్టి, జలాశయాన్ని పూడ్చే మట్టి, మన తీరానికి మాత్రం అందదు. కొండ సంగతి కొండవాళ్లదీ డెల్టా సంగతి మనదీ అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

మీ మీదా కోపం ఉంది, పిల్లలూ. మారేడుమిల్లి వెళ్లనివాళ్లు మీలో ఎవరున్నారు? బొంగు చికెన్ తినండి, ఫొటోలు దిగండి, సంతోషం. తిన్న ప్లేట్లు జలతరంగిణి జలపాతంలో పారేసి, సీసాలు రాళ్ల మీద పగలగొట్టి రావడం ఎవరు నేర్పారు నాయనా మీకు? ఆ గాజుపెంకుల మీద మర్నాడు ఒట్టికాళ్లతో నడిచేది నీళ్లకొచ్చిన గూడెం పిల్ల. ఉపగ్రహ చిత్రాల మీద రంగులు వేసి అడవి ఇంత తగ్గిందని చూపిస్తున్నారు, బాగుంది. ఆ చిత్రంలో పది మీటర్ల పట్టీ చాలాసార్లు ఒక్క చుక్క. కాలవలోకి దిగి చూసినవాడే ఆ చుక్కలో ఏముందో చెప్పగలడు.

నేను రాసుకున్న కాలవల పుస్తకాలన్నీ మీ జంతుశాస్త్ర విభాగానికి ఇచ్చేస్తున్నాను. ఏ కాలవ ఎక్కడుంది, ఏ రాయి కింద ఏమేం దొరికాయి, అప్పుడు గట్టున ఏ చెట్లున్నాయి అన్నీ ఉన్నాయి. వచ్చే వేసవిలో, వానలు పడకముందు, ఆ చోట్లకే మళ్లీ వెళ్లి లెక్క తీయాలి. జంతుశాస్త్రం, భూగోళం, సివిలింజనీరింగు, ఏదైనా సరే, రాదలచినవాళ్లు సభ అయ్యాక నా దగ్గర పేరు రాయించండి. గూడెం పెద్దలతో ముందే మాట్లాడి ఉంచుతాను. రాళ్లు జారుతాయి, చెప్పులతో రావద్దు.