బంతికి లేని మైల ముంతకెందుకు?

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల దళిత యువజనుల ఆటల పోటీల ముగింపు సభలో, రేపల్లెలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేము తెనాలిలో రేపల్లె పాసింజరెక్కి వచ్చాం. మా పెట్టెలో మన కుర్రాళ్లు పదిమంది దాకా ఉన్నారు. బాపట్ల నుంచొచ్చి తెనాలిలో బండి మారినవాళ్లూ ఉన్నారు. దారి పొడుగునా ఒకటే వాదన. సచిన్ గొప్పా, కోహ్లీ గొప్పా? ఇద్దరూ మంచి ఊపు మీదున్న రోజులు తీసుకుంటే ఎవరు ముందు? ఒకడు సెంచరీలు లెక్క చెబుతాడు. ఇంకోడు గెలిపించిన మ్యాచీలు చెబుతాడు. బండి రేపల్లె చేరిందిగానీ వాదన తెగలేదు. "మాస్టారూ, మీరు చెప్పండి" అన్నారు. సభలో చెబుతాం లెమ్మన్నాం. ఇప్పుడు చెబుతున్నాం. కాకపోతే ఆ ఇద్దరి గురించి కాదు. నూరేళ్ల కిందటి ఇంకో ఇద్దరి గురించి. ఒకరి పేరు మీరంతా వినే ఉంటారు. రెండో పేరు మీలో ఎంతమంది విన్నారో చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో మాకు తెలుసు. మా సంగతీ అంతే. మా ఇళ్లలో మొదట డిగ్రీ చదివింది మేమే. ఆ డిగ్రీ చదివిన రోజుల్లో కూడా ఆ పేరు మాకెవరూ చెప్పలేదు.

మొదటివారు కొఠారి కనకయ్య నాయుడు. సి.కె. నాయుడు. 1895లో నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. 1916లో బొంబాయి పోటీల్లో హిందూ జట్టుకి ఆడడం మొదలుపెట్టారు. అప్పటి జట్లు ఊళ్ల పేరు మీద కాదు, మతాల పేరు మీద. యూరోపియన్లు, పార్శీలు, హిందువులు, ముస్లిములు. 1926 డిసెంబరులో ఇంగ్లండు నుంచి ఎమ్.సి.సి. జట్టు బొంబాయి వచ్చింది. నాయుడు గారు రెండు గంటలు నిండకముందే 153 పరుగులు కొట్టారు. అందులో 11 సిక్సర్లు. ఈ దేశం వాళ్లకి టెస్టు మ్యాచీలాడే సత్తా ఉందని తెల్లదొరలు ఒప్పుకోవడానికి ఆ దెబ్బలు కూడా ఒక కారణం. 1928లో క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932 జూన్‌లో లార్డ్స్ మైదానంలో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టుకి ఆయనే కెప్టెన్. ఆ పర్యటనలో ఫస్ట్ క్లాస్ మ్యాచీల్లో 1,618 పరుగులు తీశారు, 65 వికెట్లు కూడా పడగొట్టారు. మరుసటేడు విజ్డెన్ పుస్తకం వాళ్లు ఆయన్ని ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంచారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. ఈనాటికీ బోర్డు ఆయన పేర బహుమతి ఇస్తుంది.

రెండోవారు పల్వంకర్ బాలూ. నాయుడు గారికన్నా ఇరవయ్యేళ్లు పెద్ద. తోలుపని చేసే చమార్ కులం. మన లెక్కలో చెప్పాలంటే మాదిగ ఇంటి బిడ్డ. తండ్రి పూనాలో సైన్యంలో పనిచేసేవాడు. బాలూ మొదట పార్శీల క్లబ్బులో పిచ్ ఊడ్చే పనికి కుదిరాడు. జీతం నెలకి మూడు రూపాయలు. 1892 ప్రాంతంలో దొరల పూనా క్లబ్బులో చేరాడు. అక్కడ నాలుగు రూపాయలు. పిచ్ చదును చేయడం, వల కట్టడం, దొరలు ప్రాక్టీసు చేసుకుంటుంటే వాళ్లకి బంతులెయ్యడం. గ్రెయిగ్ అనే దొర ఆ కాలంలో పేరున్న బ్యాట్స్‌మన్. ఆయనకి గంటల తరబడి బంతులేసీ వేసీ బాలూ ఎడమచేతి స్పిన్‌లో ఆరితేరాడు. అన్ని గంటలు బంతులేసినవాడి చేతికి ఏ దొరా ఒక్కనాడు బ్యాటివ్వలేదు. ఎండలో వంగే పని కూలివాడిది, నిలబడి కొట్టే సుఖం దొరది. నాట్లెవరు వేస్తారో, గట్టు మీద గొడుగెవరు పడతారో మీకు మేము చెప్పాలా?

బాలూ గురించి విని పూనా హిందూ జట్టు వాళ్లలో వాదన లేచింది. చేర్చుకుంటే దొరల్ని ఓడించొచ్చు. చేర్చుకుంటే మైల. ఆ జట్టులోని తెలుగువాళ్లు కొందరు బాలూని తీసుకోవాలన్నారు. అక్కడి బ్రాహ్మణ ఆటగాళ్లు వద్దన్నారు. ఆఖరికి గ్రెయిగే నోరు విప్పి, ఇలాంటివాణ్ణి వదులుకుంటే మీకన్నా తెలివితక్కువ వాళ్లుండరు అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. అప్పుడు తీసుకున్నారు. ఎలా తీసుకున్నారు? మైదానంలో బాలూ ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకున్నారు. బాలూ వేసిన బంతికి క్యాచ్ పట్టి కేరింతలు కొట్టారు. టీ విరామం రాగానే వాళ్లు లోపల పింగాణీ కప్పుల్లో తాగారు. బాలూకి బయట, తాగి పారేసే మట్టి ముంతలో పోశారు. భోజనం విడిగా. మొహం కడుక్కోవాలన్నా నీళ్లు పోసేది ఇంకో అంటరాని పనివాడు.

బంతికి లేని మైల ముంతకెందుకొచ్చింది? తోలుబంతిని ముట్టుకోవచ్చు, ఆ తోలుపని చేసే కులంవాడు తాగిన కప్పు ముట్టుకోకూడదు. ఇది పూనా ముచ్చట మాత్రమేనా? మన టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మన ఆడమనిషి బిందె ఎత్తి అడ్డుకున్న చోట రాజుకుంది. ఆరుగురిని పొట్టనబెట్టుకున్నారు. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న చోట రాజుకుంది. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికేశారు. ముంత, బిందె, కాలు. తగలడం అనే మాట వెనక ఈ దేశంలో ఎంత నెత్తురుందో మన తాలూకాలకి చెప్పక్కర్లేదు.

సరే, ఆటకే వద్దాం. బాలూ బొంబాయి వెళ్లాడు. 1906లో హిందువులు యూరోపియన్లని 109 పరుగుల తేడాతో ఓడించారు. బాలూ ఎనిమిది వికెట్లు తీశాడు. 1911లో అఖిల భారత జట్టు ఇంగ్లండు వెళ్లింది. కెప్టెన్ పటియాలా మహారాజు. ఆయన ఆడింది తక్కువ, విందులకి తిరిగింది ఎక్కువ. జట్టు 23 మ్యాచీల్లో 15 ఓడిపోయింది. అలా ఓడిపోయే జట్టులో ఉండి కూడా బాలూ 114 వికెట్లు పడగొట్టాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు ప్రాంతం.

ఇప్పుడు తీర్పు. మొత్తం ఫస్ట్ క్లాస్ లెక్కలు చూడండి. నాయుడు గారు 11,825 పరుగులు, 411 వికెట్లు. మ్యాచీలు రెండొందలు దాటాయి. బాలూ ఆడింది 33 మ్యాచీలు. తీసింది 179 వికెట్లు. ఒక్కో వికెట్టుకి ఇచ్చిన పరుగులు పదిహేను చిల్లర. అంటే మ్యాచీకి అయిదు వికెట్ల పైమాటే. బ్యాటింగులో నాయుడు గారి పక్కన నిలబెట్టడానికి బాలూ సరిపోడు. బౌలింగులో బాలూ పక్కన నాయుడు గారు సరిపోరు. 1926 నాటి 153 గొప్పదే, కానీ ఆ మ్యాచీ డ్రా అయింది. 1906లో బాలూ బంతులు మ్యాచీని గెలిపించాయి. బాలూ రోజుల్లో మ్యాచీలే తక్కువన్నది నిజం. అది కులం తప్పని మేము అనం. పేర్చిన లెక్క ఒకటి, కట్టుకథ ఒకటి. మనం లెక్క వదిలి కథలు చెబితే మన మాటకి విలువుండదు.

కానీ లెక్కలో రానిది ఇంకోటుంది. ఇక్కడున్న రైతుకూలీలకి తెలుసు. కాలవ మొదట్లో చేను, కాలవ చివర చేను పక్కపక్కన పెట్టి ఏది ఎన్ని బస్తాలు పండిందని అడిగితే సరిపోదు. ఏ చేనుకి ఎన్ని తడులు నీళ్లొచ్చాయో ముందు అడగాలి. బాలూ చివరి చేను. ఆయన చేతికి బ్యాటిచ్చి ఉంటే ఎన్ని పరుగులు తీసేవాడో ఎవరు చెప్పగలరు? కెప్టెన్ చేసి ఉంటే?

కెప్టెన్సీ సంగతి వినండి. 1911 తర్వాత హిందూ జట్టులో బాలూ కన్నా అనుభవం ఉన్నవాడు లేడు. అయినా ఇవ్వలేదు. 1913లో కెప్టెనైన పాయ్ అనే బ్రాహ్మణుడే, ఈ గౌరవం న్యాయంగా నా మిత్రుడు బాలూకి రావాల్సింది అని సభలో ఒప్పుకున్నాడు. ఆ మాటన్నందుకు ఆయన్ని మెచ్చుకుందాం. పదవి మాత్రం బాలూకి రాలేదు. 1920లో పాయ్ జబ్బుపడితే బాలూ తర్వాతి తరం బ్రాహ్మణుడైన దేవధర్‌ని కెప్టెన్ చేశారు. బాలూ తమ్ముళ్లు విఠల్, శివరామ్ ఇద్దరూ జట్టులో మంచి ఆటగాళ్లే. "మేము ఆడం" అని బయటికొచ్చారు. ఎందుకొచ్చారో పత్రికలకి రాసిచ్చారు. దాంతో పెద్దలు దిగొచ్చారు. తర్వాతి మ్యాచీకి బాలూ వైస్ కెప్టెన్. ఫైనల్‌లో పాయ్ కాసేపు మైదానం వదిలెళ్తే జట్టుని నడిపింది బాలూయే. 1923కి విఠల్ హిందూ జట్టు కెప్టెన్. అన్నకి దక్కనిది తమ్ముడికి దక్కింది. బతిమాలితే దక్కలేదు. ఆట మానేస్తామంటే దక్కింది.

నాయుడు గారికి అడ్డం రాలేదా అంటే, వచ్చింది. 1932లో రాజులుండగా మామూలు మనిషి కింద ఆడమని కొందరు మొరాయించారు. కానీ పోర్‌బందర్ మహారాజు తన ఆట ఎంతో తనకే తెలిసి పక్కకి జరిగితే దారి తెరుచుకుంది. రాజరికం అడ్డు ఆటతో తొలిగింది. కులం అడ్డు ఆటతో తొలగలేదు. ఇద్దరి మధ్యా అసలు తేడా ఇదే.

ఇంత చెప్పి బాలూ గారి రెండో ముఖం దాచిపెడితే తప్పవుతుంది. అదే 1932 సెప్టెంబరులో పూనా ఒడంబడిక మీద సంతకాలు చేసినవాళ్లలో బాలూ ఉన్నాడు. 1937 ఎన్నికల్లో కాంగ్రెసు ఆయన్ని తెచ్చి బొంబాయిలో బాబాసాహెబ్ మీద నిలబెట్టింది. రెండు వేల చిల్లర ఓట్లతో బాబాసాహెబ్ గెలిచారు. మైదానంలో అంత మాయ చేసినవాణ్ణి రాజకీయాల్లో ఇంకొకరు బంతిగా వాడుకున్నారు. మన ఆటగాడు కాబట్టి ఆయన చేసిందంతా ఒప్పని అనక్కర్లేదు. అది తప్పు కాబట్టి ఆయన 179 వికెట్లు చెరిపెయ్యనూ అక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో ఒక రకం ఫుట్‌బాల్ ఉంది. కోలబంతి, జట్టుకి పద్దెనిమిది మంది. 1993 ఏప్రిల్‌లో మెల్‌బోర్న్‌లో నిక్కీ విన్‌మార్ అనే ఆదివాసి ఆటగాణ్ణి జనం రంగు పేరు పెట్టి బూతులు తిట్టారు. అతని జట్టు గెలిచింది. గెలిచాక చొక్కా పైకెత్తి, తిట్టినవాళ్ల వైపు తిరిగి, తన నల్లటి ఒంటిని వేలితో చూపించాడు. రెండేళ్లకి, 1995లో, జాతి పేరుతో దూషిస్తే శిక్ష అని ఆ ఆట పెద్దలు నిబంధన పెట్టారు. అదొక్కటీ అతనొక్కడి వల్లే వచ్చిందని అనం. కానీ విఠల్, శివరామ్ ఆడమన్నారు, ఇతను వేలెత్తి చూపాడు. నోరు మూసుకుని బాగా ఆడితే చాలు, గౌరవం దానంతటదే వస్తుందని చెప్పేవాళ్లకి ఈ రెండు సంగతులూ చెప్పండి.

ఇక మన ఊళ్లు. మేము ఎరిగిన ఒక ఊళ్లో, ఊరి పేరెందుకుగానీ, మన పేటలో ఒక అబ్బాయి ఉన్నాడు. బంతి వేస్తే వికెట్టు ఎగిరి అవతల పడాల్సిందే. సంక్రాంతి టోర్నమెంటు వస్తే ఊళ్లో జట్టువాళ్లు పేటలోకి మోటారుసైకిలేసుకుని వస్తారు. "రారా తమ్ముడూ" అని ఎక్కించుకుపోతారు. గెలుస్తారు. ఫోటోలో ఆ చివర నిలబెడతారు. సాయంత్రం విందుకి పిలవరు. ఆరేళ్ల నుంచి ఆడుతున్నాడు, కెప్టెన్ ఎవడయ్యా అంటే ఏటా ఇంకెవడో. ఆ అబ్బాయి మా దగ్గర చదువుకున్నవాడే. "ఆడనిస్తున్నారు గదా మాస్టారూ" అంటాడు. ఆ మాట విన్న రాత్రి మాకు నిద్రపట్టలేదు. నూట పాతికేళ్ల తర్వాత కూడా మన పిల్లాడి నోట ఆడనిస్తున్నారు అన్న మాటే.

అబ్బాయిలూ, మూడు పనులు చెబుతాం. ఏ జట్టులో ఆడినా నీళ్ల కుండ ఒకటే ఉండాలని ముందే అడగండి. కాదంటే విఠల్ చేసిన పని చెయ్యండి, కలిసి చెయ్యండి, ఒంటరిగా వద్దు. రెండోది, మన ఆటగాళ్ల లెక్కలు మనమే నోటుబుక్కులో రాసి పెట్టాలి. ఎవరో రాస్తారని కూచుంటే బాలూ పేరు మనకి నూరేళ్లు ఆలస్యంగా అందింది. మూడోది ఆడపిల్లల సంగతి. ఇవాళ ఈ చెల్లెళ్లు పోటీ చూడ్డానికి వచ్చారు. వచ్చే ఏడు ఆడ్డానికి రావాలి. మన ఇంట్లో మనమే ఒకరి చేతికి బ్యాటివ్వకుండా పూనా దొరలమైతే, పక్కవాణ్ణి అడిగే నోరు మనకుండదు.

పాసింజర్లో అడిగిన ప్రశ్నకి మా జవాబు. మంచి ఊపు మీదున్న నాయుడు గారు గొప్పా, బాలూ గొప్పా అంటే, మేము బాలూ పేరు చెబుతాం. మన కులం వాడని కాదు. మట్టి ముంతలో టీ తాగి లేచొచ్చి, అదే చేత్తో, ఆ ముంత ఇచ్చినవాళ్లనే గెలిపించిన బౌలర్ కాబట్టి. ఒప్పుకోనివాళ్లు తిరుగు బండిలో మాతో వాదించండి. తెనాలి దాకా టైముంది.

జై భీమ్.