రాజపాళయపు కుక్క, బంతి పందెము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసిన వేదిక మీద కుక్కలను గూర్చి మాట్లాడబోతున్నాము. నవ్వేవారు నవ్వవచ్చును. కాని కోయంబత్తూరు, మధుర సీమలలో తరతరాలుగా కాపురమున్న తెలుగువారికి ఈ విషయము పరాయిది కాదు. విజయనగర కాలమున దక్షిణాదికి తరలివచ్చిన రాజులు స్థిరపడిన ఊరు రాజపాళయము. ఆ ఊరి పేరే తెల్లని వేటకుక్కకు వచ్చినది. 2005లో భారత తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల బొమ్మలతో బిళ్ళలు వేసినప్పుడు వాటిలో ఒకటి రాజపాళయము కుక్క.

బిళ్ళకెక్కిన కుక్క బ్రతుకు మాత్రము గేటు దగ్గర గొలుసుకు చిక్కుకొన్నది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. వేట పోయినది, పోవలసినదే. కాని అడవిపందిని తరిమిన కాళ్ళకు పని లేకపోయినది. పని లేని వేటకుక్క ఏమి చేస్తుంది? మొక్కలు పెరుకుతుంది, పాలవాని మీదికి దూకుతుంది, రాత్రంతా అరచి వీధిని మేల్కొలుపుతుంది. అటువంటి కుక్కలున్న నాలుగు కుటుంబాలవారము కలిసి ఫ్లైబాల్ అనే ఆట నేర్చుకొనుటకు పూనుకొన్నాము.

ఇది 1960ల చివరను, 1970ల మొదటను అమెరికాలోని కాలిఫోర్నియాలో రూపు కట్టిన ఆట. 1984లో ఉత్తర అమెరికా ఫ్లైబాల్ సంఘము ఏర్పడినది. జట్టుకు నాలుగు కుక్కలు. ఒక్కొక్కటి వరుసగా నాలుగు అడ్డుపలకలు దాటి, 51 అడుగుల దూరాన ఉన్న పెట్టె పలకను పాదాలతో నొక్కవలెను. నొక్కగానే బంతి ఎగిరి వస్తుంది. దానిని నోట పట్టుకొని మళ్ళీ నాలుగు పలకలూ దాటి తిరిగి రావలెను. వచ్చే కుక్క గీత చేరేవరకు పోయే కుక్క గీత దాటరాదు. తొందరపడితే ఆ కుక్క చివర మరల పరుగెత్తవలసినదే. పలకల ఎత్తును జట్టులోని పొట్టి కుక్కను బట్టి నిర్ణయిస్తారు. అందుకే మా జట్టులో ఒక పొమేరేనియన్‌కు పెద్ద పీట. మిగిలినవి ఒక రాజపాళయము, ఒక చిప్పిపారై, ఒక వీధికుక్క.

ఇంగ్లండులో కొన్నాళ్ళుండి వచ్చిన మా బంధువుల అమ్మాయి ఆదివారము ప్రొద్దున, ఎండ ముదరకముందే తరగతి పెట్టినది. మొదటి ఆరు వారాలు బంతి మొహమే చూడలేదు. ఈ ఆటను తోక వైపునుండి నేర్పుతారు. ముందు తిరిగి రావటము, తరువాత ఇంటివైపు పలక ఒకటి, పిమ్మట రెండు, మూడు, నాలుగు, అన్నిటికీ చివర పెట్టె. ఒకరు కుక్కను పట్టుకొంటే యజమాని పేరు పెట్టి పిలుస్తూ దూరముగా పరుగెత్తవలెను. మేము పిలిచి, స్తంభాలవలె నిలుచున్నాము. "నిలుచున్నవారి దగ్గరకు కుక్క ఎందుకు వస్తుంది మామయ్యా, పరుగెత్తండి!" అని ఆ అమ్మాయి యాభై దాటినవారిని కూడ పరుగెత్తించినది. మాలో ఒకరు ఆలస్యముగా వచ్చిన కుక్కను తిట్టినారు. మరుసటి పిలుపుకు అది రానేలేదు. వచ్చినందుకు తిట్లు తిన్నదానిది తప్పెట్లా అవుతుంది?

పెట్టె దగ్గర తిరగటము కష్టమైన పాఠము. ఈతగాడు గోడను తన్ని తిరిగినట్లు కుక్క నాలుగు కాళ్ళూ పలక మీద మోపి ఒరిగి తిరగవలెను. ఎదురుగా పోయి గుద్దుకొంటే ముంగాళ్ళు, భుజాలు చెడతవి. ఎముకలు ముదరని పిల్లలకు ఈ పాఠము పెట్టరాదు. జి.డి. నాయుడుగారి ఊరివారము గదా, పెట్టెను మేమే చేయగలమని ఒక వర్క్‌షాపులో స్ప్రింగు బిగించినాము. మొదటి బంతి పొరుగువారి మేడ మీద పడినది.

ఆజ్ఞలన్నీ తెలుగే. రా, దాటు, పట్టు, తే. బడిలో తమిళము, ఇంగ్లీషు తప్ప ఎరుగని మా పిల్లలు ప్రొద్దుటిపూట గంటసేపు తెలుగులో కేకలు వేయటము చూచి ఒక అవ్వగారు కుర్చీ వేయించుకొని కూర్చొనేవారు.

ఇక అసలు మాట. మా రాజపాళయము కుక్క పిలిస్తే వచ్చేది కాదు. మొండిదన్నాము, పొగరన్నాము, గొలుసు పట్టి లాగినాము. ఒకనాడు ఒక చిన్నపిల్ల దాని వెనుక పళ్లెము మీద గరిటెతో కొట్టినది. మిగిలిన మూడూ ఎగిరిపడినవి. ఇది చెవి కూడ కదపలేదు. పుట్టు చెవుడు. రెండేళ్ళు ఇంట పెంచినవారికే తెలియలేదు.

తెల్ల బొచ్చుకూ చెవుడుకూ సంబంధమున్నది. రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడ ఉండవలెను. అవి లేనప్పుడు పుట్టిన కొద్ది వారాలకే వినికిడి కణాలు నశిస్తవి. డాల్మేషియన్ జాతిలోనూ ఇదే చిక్కు. కొనేవారు మచ్చలేని తెలుపు, గులాబి ముక్కు కావాలంటారు. పెంచేవారు అదే ఏరి జత కట్టిస్తారు. మేలుజాతి అనుకొని మనము చెవుడును ఏరుకొంటున్నాము. మచ్చ ఉన్నది తక్కువజాతి అని మా పెద్దలలో ఒకరు నేటికీ వాదిస్తారు. వారి మీద గౌరవముతోనే మేము కాదంటున్నాము. ఆ కుక్కకు పిల్లలు కావాలని ముందే అడిగినవారున్నారు. ఆ ఇంటివారు వద్దనుకొన్నారు. నష్టమే, అయినా వద్దనుకొన్నారు. పళ్లెము చప్పుడు చాలదు. ఒక్క చెవి పోయిన కుక్క దానికి తిరిగి చూస్తుంది. శబ్దానికి మెదడులో కలిగే స్పందనను కొలిచే పరీక్ష ఉన్నది. జత కట్టించక ముందు దానిని చేయించండి.

చెవిటిదని దానిని ఆట మాన్పించలేదు. పిలుపుకు బదులు ఎర్ర తువాలు ఊపినాము. తక్కిన కుక్కలు ప్రక్క అరుపులకు తలలు త్రిప్పుతుంటే అది త్రిప్పలేదు. చిప్పిపారై అన్నిటికన్న వేగముగా పోయి, ఉడుతను చూచి బంతిని మరచేది. నిజము చెప్పవలెనంటే అందరికన్న ముందు పాఠము పట్టినది వీధికుక్క. పై దేశాల మేటి జట్లు 15 సెకండ్లలోపు ముగించే పందెమును మేము పోయిన నెల మొదటిసారి తప్పు లేకుండా 41 సెకండ్లలో ముగించినాము. చివర వచ్చినది తెల్లకుక్క. అది గీత దాటగానే చప్పట్లు కొట్టబోయి, జ్ఞాపకము వచ్చి, అందరము చేతులెత్తి ఊపినాము.

సభ అయిన తరువాత పెట్టెను వెనుక ఆవరణలో ఉంచుతాము. పిల్లలు నొక్కి చూడవచ్చును. వంటశాల వైపు మాత్రము త్రిప్పవద్దు, పులిహోర అక్కడే ఉన్నది.