సెకండ్ హ్యాండ్ బండి, మన హక్కు
(కాశేలిలో యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగం)



ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకొంటాను. మన సంఘంలో ఒక అన్న ఉన్నాడు. పేరు చెప్పను. ఏళ్ల తరబడి సాంచల మీద పని చేశాడు. పన్నెండు గంటల షిఫ్టు ఇక ఒంటికి చేతకాక, దాచుకున్న డబ్బుకు అప్పు కలిపి, ఒక డీలరు దగ్గర 2 లక్షల 60 వేలకు పాత టాక్సీ కారు కొన్నాడు. తానే నడుపుకుంటూ ఠాణా, కల్యాణ్ కిరాయిలు తోలుకుందామని ఆశ. ఎనిమిదో రోజున ఇంజన్ పోయింది. మీటరులో 62 వేల కిలోమీటర్లు ఉన్నాయి. సర్వీసు సెంటరులో అడిగితే, ఏడాది కిందటే ఆ బండి లక్షా 40 వేలు తిరిగినట్టు రికార్డు ఉంది!

డీలరు ఏమన్నాడో తెలుసా? "పాత బండి, చూసుకునే కొన్నావు. పైగా ఇది వ్యాపారం బండి. కన్స్యూమర్ కోర్టు నీకు వర్తించదు" అన్నాడు. అన్న నా దగ్గరికి వచ్చి ఏడ్చాడు. నేను ప్రార్థన చేసి, "క్షమించి వదిలెయ్యన్నా" అని పంపేశాను.

రెండు నెలలకు అదే దుకాణంలో మన వీధి తమ్ముడు ఇంకొకడు అలాగే మోసపోయాడు. అప్పుడు నాకు సిగ్గేసింది. అన్న క్షమించాలన్నది నిజమే. కానీ నా సలహా వల్ల ఆ మీటరు తిప్పే చెయ్యి ఆగలేదు. ద్వితీయోపదేశకాండములో దేవుడు రెండు రకాల తూనికరాళ్లను అసహ్యించుకున్నాడు. తిప్పిన మీటరు అలాంటి రాయి కాదా? లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలు న్యాయాధిపతి గుమ్మం వదల్లేదు. ప్రభువు ఆమెను తప్పుపట్టలేదు కదా!

డీలరు మాట చట్టప్రకారం కూడా చెల్లదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడని అందులో ఉన్నమాట నిజమే. కానీ స్వయం ఉపాధితో, కేవలం తన బతుకుదెరువు కోసం వాడుకొనేది వ్యాపారం కిందికి రాదని అదే చట్టం చెబుతోంది. సాంచా వదిలి స్టీరింగ్ పట్టిన మన అన్న వినియోగదారుడే.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. పాత బండి పాతదే. టైర్లు అరిగాయని, సీటు చిరిగిందని కేసు వెయ్యకూడదు. తెలిసిన లోపాన్ని దాచడం, అబద్ధం చెప్పి అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం, ఇవీ మోసాలు.

కొనేముందు ఏం చెయ్యాలి? నమ్మకమైన మెకానిక్కును తీసుకెళ్లండి. సర్వీసు రికార్డు అడగండి. డీలరు నోటితో చెప్పింది కాగితం మీద రాయించుకోండి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, పాత బండ్ల డీలరుకు ఆర్టీఓ కార్యాలయం ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. అది చూపించమనండి.

మోసపోతే? మెకానిక్కు రిపోర్టు, బిల్లు, వాట్సాప్ మాటలు భద్రపరచండి. డీలరుకు రాతపూర్వకంగా నోటీసు పంపండి. 1915కు ఫోన్ చెయ్యండి. అయినా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మన జిల్లాకు అది ఠాణాలో ఉంది. కొన్నది ఎక్కడైనా, మీరు నివసించే చోటే ఫిర్యాదు వెయ్యవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

ఆ అన్న ఇప్పుడు ఫిర్యాదు వేశాడు. తీర్పు ఇంకా రాలేదు. అప్పు తీర్చడానికి రాత్రి షిఫ్టుకు మళ్లీ సాంచల దగ్గరికే పోతున్నాడు. వాయిదా రోజున ఆయన ఒక్కడే వెళ్లకూడదు. చదువుకున్న తమ్ముళ్లారా, మీలో మరాఠీ కాగితం చదవగలిగినవాళ్లు ఎవరు? కూడిక అయ్యాక ఆయన పక్కన కూర్చోండి. ఈ వారం మీ ప్రార్థన అక్కడ మొదలుపెట్టండి.