రెండు మూడా, మూడు రెండా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీకిష్టమైంది ఏదైనా మాట్లాడు, పదిహేను నిమిషాలు మించొద్దు" అని కార్యదర్శి గారు చెప్పారు. బ్యాంకులో ముప్పై అయిదేళ్ళు పని చేసినవాణ్ణి కాబట్టి వడ్డీ లెక్కలు చెబుతానేమోనని కొందరు భయపడుతున్నట్టుంది. ఆ భయం వద్దు. జాజ్ సంగీతం గురించి మాట్లాడతాను. కురబలకోటకీ జాజ్‌కీ ఏం సంబంధమని అడుగుతారు. సంబంధం ఉంది. అది తొమ్మిదో తరగతిలో, కిటికీ పక్క మూడో బెంచీ.

1974లో మా చేలో చెనిక్కాయలు నాలుగు మూటలు ఎక్కువ వచ్చాయని మా నాయన ఒక ట్రాన్సిస్టర్ రేడియో కొన్నాడు. పగలు కడప స్టేషను, సాయంత్రం సిలోను. రాత్రి అందరూ పడుకున్నాక అది నాది. దుప్పటి కప్పుకొని షార్ట్‌వేవ్‌లో ముల్లు తిప్పేవాణ్ణి. ఈలలు, గరగర, ఏవేవో భాషలు. ఒక రాత్రి ఒక లోతైన గొంతు దొరికింది. నా బోటి పల్లెటూరి పిల్లవాడికి కూడా అర్థం కావాలన్నట్టు ఒక్కొక్క ఇంగ్లీషు మాట విడదీసి నిదానంగా పలుకుతున్నాడాయన. ఆయన పేరు విల్లిస్ కానోవర్ అని తర్వాత తెలిసింది. వాయిస్ ఆఫ్ అమెరికాలో 1955 నుంచి జాజ్ కార్యక్రమం నడిపాడు. డ్యూక్ ఎల్లింగ్టన్ వాయించిన 'టేక్ ది ఏ ట్రెయిన్' దాని గుర్తు పాట. చిత్రమేమిటంటే, ఆ రేడియో విదేశాల వాళ్ళ కోసమే కాబట్టి సొంత దేశంలో ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువ.

నాకేమీ అర్థమయ్యేది కాదు. కానీ వదలబుద్ధి కాలేదు. ముందు అందరూ కలిసి ఒక పాట వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ విడిపోయి, దాన్ని తమకు తోచినట్టు పెంచుకుంటూ పోతారు. చివరికి మళ్ళీ అందరూ ఆ మొదటి పాట దగ్గరికే వస్తారు. పెళ్ళి పందిట్లో నాదస్వరం ఆయన పల్లవి ఎత్తుకుని, ఎక్కడెక్కడో తిరిగి, సరిగ్గా డోలు దెబ్బ మీదికి వచ్చి దిగుతాడు చూడండి, అలాగన్నమాట. మనం మనోధర్మం అనేదే అక్కడా ప్రాణం. మైల్స్ డేవిస్ 1959లో 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డు చేసినప్పుడు, వాయించేవాళ్ళ చేతికి పూర్తిగా రాసిన సంగీతం ఇవ్వలేదు. ఈ స్వరాల్లో తిరగండి అని గీతలు మాత్రం గీసిచ్చాడు. మిగతాదంతా అప్పటికప్పుడు వాళ్ళు ఒకరినొకరు వినడంలోనుంచి వచ్చింది.

ఆ సంగీతం ఎవరిదో కూడా చెప్పాలి. న్యూ ఆర్లీన్స్ అనే ఊళ్ళో, బానిసలుగా బతికిన నల్లవాళ్ళ సంతతి ప్రధానంగా తయారు చేసుకున్నది. అక్కడ శవయాత్రకు కూడా బ్యాండు ఉంటుంది. పోయేటప్పుడు నెమ్మదిగా, ఏడుపు గొంతుతో. తిరిగొచ్చేటప్పుడు గంతులు వేయించేలా. మన పలకలు వాయించేవాళ్ళకి ఈ సంగతి నేను విడమరచి చెప్పనక్కరలేదు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో ఆ ఊళ్ళోనే కటిక పేదరికంలో పుట్టాడు. దారి తప్పిన పిల్లల్ని ఉంచే ఒక గృహానికి ఆయన్ని పంపితే, అక్కడి బ్యాండులో కార్నెట్ వాయించి పైకొచ్చాడు. ప్రపంచమంతా ఆయన బూరకి తలవంచింది.

ఇక బెంచీ సంగతికి వస్తాను. ఒక రాత్రి రేడియోలో 'టేక్ ఫైవ్' అనే పాట వచ్చింది. డేవ్ బ్రూబెక్ బృందం 1959లో 'టైమ్ అవుట్' అనే రికార్డులో వాయించింది. కట్టినవాడు ఆ బృందంలో శాక్సఫోన్ వాయించే పాల్ డెస్మండ్. దాని వరస నాకు పట్టుకుంది. మర్నాడు బెంచీ మీద వేళ్ళతో తాళం వేస్తూ సన్నగా కూనిరాగం తీశాను. నాలుగు నాలుగుగా వేస్తున్నాను. ఎంత వేసినా కుదరడం లేదు, ఒకటి మిగిలిపోతోంది.

నా పక్కన కూర్చునేవాడు మేళం వాయించే ఇంటి పిల్లవాడు. పెళ్ళిళ్ళ కాలంలో బడికి రాడు, వచ్చినా నిద్రకళ్ళతో ఉంటాడు. వాడు నా చేతిని పక్కకి తోసి అన్నాడు: "రేయ్, నువ్వు ఎంచేది తప్పు. అది నాలుగు గాదు, అయిదు. ఖండచాపు." బెంచీ మీద వాయించి చూపించాడు. తక తకిట, తక తకిట. రెండు, మూడు. అమెరికా పాట మా బెంచీ మీద వచ్చి కూర్చుంది. నా జీవితంలో సంగీతం మొదటిసారి అర్థమైన క్షణం అది. నేర్పిన గురువుకి అప్పుడు పద్నాలుగేళ్ళు.

తర్వాత రోజుల్లో అదే మా ఆట. ఒక మధ్యాహ్నం పాఠం జరుగుతుండగా నేను మొదలుపెట్టాను, వాడు అందుకున్నాడు. అయ్యవారు బోర్డు దగ్గర నుంచి తిరిగి "ఎవర్రా అది?" అన్నారు. ఎవరూ ఆలోచించలేదు. తరగతంతా వాడివైపే వేలు చూపించింది. డోలు కొట్టే ఇంటివాడు, వాడు కాక ఇంకెవరు? ఎవరో "మేళం" అన్నారు, అందరూ నవ్వారు. వాడు లేచి నిలబడి, నా వైపు ఒక్కసారి చూసి, చెయ్యి చాపాడు. నాలుగు దెబ్బలు. నేను లేవలేదు. చేతులు బెంచీ కింద పెట్టుకుని కూర్చున్నాను. అయ్యవారిని తప్పుబట్టను, ఆయనకు తెలియదు. తెలిసినవాణ్ణి నేను.

ఆ ఏడు పరీక్షలకు వాడు రాలేదు. వాళ్ళ నాయనకు జబ్బు చేసిందని, మేళంలోకి వెళ్ళిపోయాడని విన్నాను. నేను పది పాసయ్యాను, మదనపల్లెలో కాలేజీ, ఆ తర్వాత బెంగళూరులో ఉద్యోగం. అక్కడ మొదటి జీతంలో ఫుట్‌పాత్ మీద ఒక పాత 'టైమ్ అవుట్' రికార్డు కొన్నాను. వినడానికి యంత్రం లేదు. ఏడాదిన్నర పాటు అట్ట మాత్రమే చూసుకున్నాను. యంత్రం వచ్చాక విన్నాను. వినే ప్రతిసారీ ఆ నాలుగు దెబ్బలు కూడా వినబడేవి.

అప్పట్లోనే మాండలిన్ శ్రీనివాస్ క్యాసెట్లు వచ్చాయి. పాలకొల్లులో 1969లో పుట్టాడు. నాన్న క్లారినెట్ వాయించేవాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని వాయించేవాడు. మాండలిన్ మీట్ల వాద్యం. మీటిన స్వరం టక్కున ఆరిపోతుంది. గమకం నిలవాలంటే నాదం సాగాలి. అందుకే ఆయన కరెంటు మాండలిన్ పట్టి, నాలుగు జతల తీగల బదులు అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. 1983లో, పద్నాలుగేళ్ళకే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో త్యాగరాజ కీర్తనలు వాయించే మన పద్ధతితోనే వాళ్ళను మెప్పించాడు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించాడు. ఆ రికార్డుల్లో ఆయన వాయించేదానికన్నా ఎదుటివాడు వాయిస్తున్నప్పుడు ఆగి వినడం నాకు ఎక్కువ ఇష్టం. ఎదుటివాడి చివరి స్వరం అందుకుని తన మాట మొదలుపెడతాడు.

2014 సెప్టెంబరు 19న ఆయన పోయాడు. నలభై అయిదేళ్ళు. ఆ రాత్రి ఆయన రికార్డులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మనం చెప్పాల్సిన మాట చెప్పేదాకా ఎవరూ కాచుకుని ఉండరని అప్పుడు తట్టింది. ఆ వారమే ఊరికి వచ్చాను.

వాడు ఇంట్లోనే ఉన్నాడు. గోడకు డోలు వేలాడుతోంది. "ముందు మాదిరి పిలుపుల్లేవు, అందురూ డీజే పెట్టుకుంటా ఉండారు. మిగిలిన దినాలు టమోటా మండీలో మూటలు మోస్తా" అన్నాడు. కాఫీ తాగాక, నలభై ఏళ్ళ కిందటి మధ్యాహ్నం సంగతి చెప్పాను. ముందు మొదలుపెట్టింది నేనే, నోరు మూసుకుంది నేనే అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "దెబ్బలు గుర్తుండాయి. నువ్వు లేస్తావేమో అని చూస్తిని. అదీ గుర్తుండాది" అన్నాడు. పోనీలే అని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

తర్వాత "ఆ పాట ఉండాదా?" అన్నాడు. ఫోన్‌లో పెట్టాను. వాడు అసలు పాట వినడం అదే మొదలు. అంతకుముందు విన్నది నా కూనిరాగం మాత్రమే. కళ్ళు మూసుకున్నాడు, తొడ మీద వేళ్ళు కదిలాయి. మధ్యలో పియానో ఒకే నడకని వదలకుండా పట్టుకుంటే దాని మీద జో మొరెల్లో డ్రమ్ములు వాయించే ఘట్టం వచ్చింది. అంత విశ్రాంతిగా, మధ్యలో అంతంత ఖాళీ వదులుతూ వాయిస్తాడాయన. వాడు చెయ్యెత్తి, "ఈయప్ప గట్టోడు. కొట్టకుండా వదిలేది తెలిసినోడు" అన్నాడు.

పాట అయిపోయాక నా వైపు తిరిగాడు. "నా తప్పు గూడా ఒకటుండాది. ఆ పొద్దు నీకు రెండు మూడు అని చెప్పింటి. గాదు. ఇది మూడు రెండు. తకిట తక. మొత్తం అయిదే, నడక వేరే."

నేను ఎన్నో పుస్తకాలు చదివాను. అందరూ ఆ పాటని మూడు, రెండుగానే లెక్కపెట్టారు. వాడు ఒక్కసారి విని చెప్పాడు.

ఇంతకీ ఈ మాటలన్నీ ఇక్కడెందుకంటే, ఈ పొద్దున గేటు దగ్గర మేళంతో మనల్ని లోపలికి పిలిచారు గదా, డోలు వాయించింది ఆయనే. మా బ్యాచి. మనం ఆయనకి తాంబూలం, కూలి ఇచ్చాం. కానీ ఈ సంచిక వెనక అచ్చయిన పూర్వ విద్యార్థుల పట్టికలో ఆయన పేరు లేదు, ఎందుకంటే పది పాసైనవాళ్ళ పేర్లే అందులో ఉన్నాయి. ఈ గోడల మధ్య కూర్చుని, మధ్యలో లేచిపోవాల్సి వచ్చినవాళ్ళు ప్రతి బ్యాచిలోనూ ఉన్నారు. పాత హాజరు పట్టీలు తీసి, వాళ్ళ పేర్లు కూడా చేర్చమని సంఘం పెద్దలకు నా మనవి. ఆ పనికి ఖర్చు నేను పెట్టుకుంటాను, పట్టీలు కూడా నేనే కూర్చుని చూస్తాను.

పదిహేను నిమిషాలు దాటినట్టున్నాయి. ఆ రోజు నేను బెంచీ మీద నుంచి లేవలేదు. ఈ రోజు లేచి చెబుతున్నాను. ఆ తాళం మొదలుపెట్టింది నేనే అయ్యవారూ.

సెలవు.