క్రికెట్ పోటీకి విశాఖ వచ్చువారికి

శ్రోతలారా! విశాఖపట్టణమున పెద్ద క్రికెట్ పోటీ యనగానే శ్రీకాకుళము మొదలు రాజమహేంద్రవరము వరకు గల వారందరికి విశాఖలోని చుట్టములు జ్ఞప్తికి వత్తురు. రండు, సంతోషమే. కాని ఊరు తెలిసినవారము గనుక ముందుగా కొన్ని మాటలు చెప్పుట మా విధి.

మైదానము ఊరి నడుమ లేదు. మధురవాడలో, జాతీయ రహదారి ప్రక్కన, రైలు స్టేషనుకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది. మద్దిలపాలెము, హనుమంతవాక, ఎండాడ దాటి పోవలెను. పోటీనాడు ఆ దారిలో వాహనములు కదలవు. రెండు గంటలు ముందుగా బయలుదేరినవారికే టాస్ చూచు భాగ్యము. సొంత కారుకంటె ఆర్.టి.సి. బస్సు మేలు. చేతిసంచులు, నీళ్ళ సీసాలు బసలోనే విడిచి రండు. ద్వారము కడ వాదించి గెలిచినవారిని మేము చూడలేదు.

తిరుగు ప్రయాణమును గూర్చియు ముందే ఆలోచింపవలెను. 2025 అక్టోబరు 12, ఆదివారమునాడు మహిళల ప్రపంచకప్పు పోటీలో ఆస్ట్రేలియా 331 పరుగుల లక్ష్యమును మనపై సాధించినది. అప్పటివరకు మహిళల ఒకరోజు పోటీలలో ఏ జట్టును అంత లక్ష్యమును చేరి యుండలేదు. అటువంటి ఆటను విడిచి మధ్యలో లేచువా డెవడు? కావున బండి ఏర్పాటు పగలే చేసికొనుడు.

రైలు టిక్కెట్టుపై విశాఖపట్టణమని యున్నదో, దువ్వాడ యని యున్నదో చూచుకొనుడు. విశాఖ స్టేషనులోనికి వచ్చిన హౌరా మార్గపు బండి వెనుకకు మరలి పోవలసి యుండును. అందుచేత కొన్ని బండ్లు ఊరిలోనికి రాకయే సాగిపోవును. దువ్వాడ ఊరికి ఆ కొసన, మైదానము ఈ కొసన. బస దొరకనివారు విజయనగరమున దిగవచ్చును. 1936లో ఇంగ్లండున భారతజట్టుకు నాయకుడై, పిమ్మట రేడియో వ్యాఖ్యాతగా కూడ పేరుమోసిన విజ్జీ ఊరది.

ఖాళీ దినమున చూడదగినవి సింహాచలము, కురుసుర జలాంతర్గామి. కురుసుర 2001లో నౌకాదళ సేవ విరమించి, మరుసటి యేట ఒడ్డున ప్రదర్శనశాల యైనది, సోమవారము సెలవు.

ఇక ముఖ్యముగా చెప్పదలచినది సముద్రమును గూర్చి. ఆదివారము రాత్రి ఆట ముగియును. సోమవారము సాయంత్రమునకు గాని రైలు లేదు. నడుమనున్న ఆ ఉదయమే భయము. ఈ తీరమున ప్రాణములు కోల్పోయినవారిలో స్నేహితులతో కూడి పొరుగూళ్ళనుండి వచ్చిన యువకులు పెక్కురు. గోదావరిలో ఈదిన ధైర్యము ఇచట చాలదు. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు తిరిగిపోవుటకు దారి వెదకికొని, ఇరుకైన పాయగా లోనికి పరుగెత్తును. ఆ పాయమీద అలలు అంతగా విరుగవు. కావున క్రొత్తవానికి అదియే నెమ్మదియైన చోటుగా తోచును. అందు చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదినచో బలము క్షీణించును. ఒడ్డునకు సమాంతరముగా ఈది, పాయ దాటిన పిమ్మట అలలతో రావలెను. ఈత రానివాడు వెల్లకిల తేలుచు, చేయి యెత్తి కేకవేయవలెను. చూచినవారు తామును దూకరాదు. ఒకనిని రక్షింపబోయి ఇద్దరు ముగ్గురు పోయిన సందర్భములు కలవు. త్రాడో, మూతబిగించిన ఖాళీ డబ్బాయో విసరుడు. జీవరక్షకులను, దరినున్న జాలరులను పిలువుడు. 112కు ఫోను చేయుడు. ఎఱ్ఱజెండా యున్నచోట పాదము కూడ తడపవలదు. తక్కినచోట్ల సయితము మోకాలు దాటి దిగవలదు. పిల్లలచేయి విడువవలదు.

రైలువేళకు ఇంకను సమయమున్నచో ఆర్కే బీచి ఇసుకపై కూర్చుండి మురీ మిక్చరు తినుడు. పచ్చిమిరప వలదనువారు కలుపకముందే చెప్పవలెను. మా ఊరివారి చేయి కొంచెము ధారాళము.